నాయనమ్మ తల ఎత్తమంది, నర్సమ్మ దించమంది

చిన్నప్పుడు నాకు ముక్కులోంచి రక్తం ప్రార్థనలోనే వచ్చేది. ఆడుకునేటప్పుడు రాదు, బావి నుంచి నీళ్లు మోసేటప్పుడు రాదు, బడిలో పలక మీద లెక్కలు చేసేటప్పుడు రాదు. ఆదివారం ఆరాధనలో, శుక్రవారం ఉపవాస కూటంలో, పొద్దుగూకే వేళ ఇంటి ప్రార్థనలో, నాయిన కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టిన కొంతసేపటికి నా పై పెదవి మీద వెచ్చగా ఏదో పాకేది. తుడుచుకుంటే చేయి ఎర్రగా ఉండేది.

మాది కోదాడ. నాయిన సంఘం నడిపే చిన్న బడిలో పంతులు. పాస్టరు అయ్యగారు నెలకొకసారే వచ్చేవారు కాబట్టి మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేది కూడా నాయినే. ఆయన ప్రార్థన చాలా పొడవు. సంఘంలో ఒక్కొక్కరినీ పేరుపేరునా దేవునికి అప్పగించేవాడు. మనుషులైపోతే వాళ్ల గొడ్లు, గొడ్లైపోతే అనంతగిరిలో ఉన్న చుట్టాలు, ఆ తర్వాత చెరువు, వానలు, అధికారులు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ ప్రార్థనలు దేవుడు విన్నాడు. ఆనాడూ నమ్మాను, ఈనాడూ నమ్ముతున్నాను.

అమ్మ కూలికి పోయేది. అందుకని నా ముక్కు నాయనమ్మ చేతిలో పడింది. నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ నాయిన చదువుతుంటే విని విని సగం లేఖనం కంఠతా పట్టిన మనిషి. నా రక్తానికి ఆమె కారణం కూడా కనిపెట్టింది.

"సాతానుకు ప్రార్థన పడదు. అందుకే సరిగ్గ గా యాళకే పిల్ల మీద పడుతున్నడు," అనేది.

కష్టంలో ఉన్నవాళ్లు ముఖం పైకెత్తి దేవుని వైపు చూడాలని ఆమె నమ్మకం. రక్తం కనబడగానే నా గడ్డం కింద చేయి పెట్టి తల వెనక్కి వంచేది. "కండ్లు పైకి పెట్టు బిడ్డా, ఆకాశం దిక్కు సూడు," అనేది. నేను పెంకుల కిందున్న వాసాలను చూస్తూ నిలబడేదాన్ని. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నాతో పాటు తలలు ఎత్తేవాళ్లు. ఎవరో ఒకరు నడినెత్తి మీద చల్లటి నీళ్లు గుమ్మరించేవాళ్లు. ఒకామె ఉల్లిగడ్డ కోసి వాసన చూపించేది. రక్తం బయటికి రావడం ఆగేది. అందరూ "స్తోత్రం" అనేవాళ్లు.

రక్తం ఎక్కడికి పోయిందో నాకు మాత్రమే తెలుసు. గొంతులోకి దిగేది. ఉప్పగా, తుప్పు పట్టిన రేకును నాకినట్టు ఉండేది. ప్రార్థనలో ఉమ్మకూడదని మింగేదాన్ని. కొంతసేపటికి కడుపులో తిప్పి, నల్లగా గడ్డలు గడ్డలుగా కక్కుకునేదాన్ని. అది చూసి నాయనమ్మ మరింత భయపడి మరుసటి శుక్రవారం ప్రార్థన ఇంకా పొడిగించమని నాయినకు చెప్పేది. నాయిన పొడిగించేవాడు. పొడిగించిన కొద్దీ రక్తం ఎక్కువయ్యేది.

ఇది ఇంట్లోనే ఉంటే నష్టం లేకపోయేది. కానీ నాకు చదువుకోవాలని కోరిక. కోదాడలో నాయిన బడి నాలుగో తరగతితో ఖతం. ఆ పైన చదవాలంటే సూర్యాపేటలో ఆడపిల్లల బోర్డింగు ఒక్కటే దారి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం నాయిన నన్ను బొగ్గుతో నడిచే బస్సులో సూర్యాపేటకు తీసుకుపోయాడు. బస్సు వెనక బొగ్గు కుంపటి, ముందు మేము, దారి పొడుగునా దుమ్ము. బోర్డింగు నడిపే అమ్మగారు వరండాలో కూర్చోబెట్టి నన్ను చదివించింది, కూడికలు చేయించింది, మెచ్చుకుంది. చివరికి, "ప్రార్థన చేసుకుందాం," అంది. నాయిన ప్రార్థన అందుకున్నాడు.

మీరు ఊహించినట్టే జరిగింది. నాయిన నా తల వెనక్కి వంచాడు. ఆమెన్ అన్న కొంతసేపటికి కడిగిన ఆ వరండా మీద నల్లటి రక్తం కక్కాను.

అమ్మగారు రెండడుగులు వెనక్కి వేసింది. కోపంగా కాదు, జాలిగానే అంది: "పంతులుగారూ, కడుపులోంచి రక్తం పడే పిల్లను నేను తీసుకోలేను. ఇది క్షయ కావచ్చు. నా దగ్గర నలభైమంది ఆడపిల్లలు ఒక్క గదిలో పడుకుంటారు."

క్షయ అంటే ఆ రోజుల్లో చావు కిందే లెక్క. తిరుగు బస్సెక్కి కోదాడ వచ్చేశాం.

ఆ ఏడాదంతా నేను రెండు పనులు చేశాను. ఒకటి, చావలేదు. దగ్గు లేదు, జ్వరం లేదు, జొన్నరొట్టెలు రెండు తినేదాన్ని. రెండోది, బైబిల్లో అన్నిటికంటే పొడుగైన నూట పంతొమ్మిదో కీర్తన, మేము పెద్ద కీర్తన అనేది, కంఠతా పట్టాను. మా సంఘాల్లో పిల్లలకు అదొక కొండ. ఎనిమిదేసి వచనాల ఖండాలు ఇరవై రెండు. ఏటా ఎండాకాలం చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి మూడు రోజుల కూటాలు పెట్టుకునేవి. అక్కడ ఆ కీర్తన తప్పు లేకుండా అప్పజెప్పిన ఆడపిల్లలను బోర్డింగు అమ్మగారు వచ్చి చూసి ఎంచుకునేది. ఆ ఏడు కూటాలు మిర్యాలగూడలో. వచనాలు నాకు వచ్చేశాయి. ముక్కు మాటేమిటి?

కూటాలకు మూడు వారాల ముందు ఒక ఆదివారం సూర్యాపేట నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. పిల్లలకు టీకాలు వేసే పని మీద ఊళ్లు తిరుగుతూ, దారిలో మా ఆరాధనకు కూర్చుంది. గుంటూరు దిక్కు మనిషి. తెల్లచీర, రవికకు గుచ్చుకున్న చిన్న గడియారం. నాయిన ప్రార్థన గొడ్ల దాకా వచ్చేసరికి నాకు రక్తం మొదలైంది. నాయనమ్మ గడ్డం పట్టుకుంది. సంఘమంతా లేచి తలలెత్తింది.

"అయ్యో, ఎత్తకండి! దించండి, తల దించండి!" అంటూ నర్సమ్మ ఆడవాళ్ల మధ్యలోంచి వచ్చింది.

నాయనమ్మ నా గడ్డం వదల్లేదు. "ఎవలమ్మా నువ్వు? దేవుడు కిందున్నడా, తల దించనీకి?"

"మామ్మగారూ, మీరు ప్రార్థన చేసేటప్పుడు తల ఎత్తుతారా, వంచుతారా?"

నాయనమ్మ ఆలోచించింది. "వంచుత."

"మరి ఈ పిల్లను కూడా వంచనివ్వండి."

నాయనమ్మ నా గడ్డం వదిలేసింది. నర్సమ్మ నన్ను చాప మీద కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, ముక్కులో గట్టి ఎముక కింద ఉండే మెత్తటి భాగాన్ని బొటనవేలితో చూపుడువేలితో గట్టిగా నొక్కిపట్టింది. "నోటితో గాలి పీల్చు. నోట్లోకి వచ్చింది మింగకు, ఈ గిన్నెలో ఉమ్మెయ్. దేవుడేమీ అనుకోడు," అంది. మందిరంలో ఉమ్మడం నాకు అదే మొదలు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నాయనమ్మ రెండు నిమిషాలైనా ఆగలేదు. "ఆగిందా? జర తీసి సూడు."

"తీయకూడదు. తీసి చూస్తే గడ్డకట్టేది మళ్లీ తెగుతుంది. పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి."

"పది నిమిషాలంటే ఎంతసేపు? మా ఇంట్ల గడియారం లేదు నర్సమ్మా."

"మీకు నోటికొచ్చిన వాక్యం ఏదైనా చెప్పండి. ఎంతసేపు పడుతుందో చూస్తాను."

నాయనమ్మ పెద్ద కీర్తన మొదలుపెట్టింది. ఇంట్లో నేను రోజూ వల్లిస్తుంటే ముందు భాగం ఆమెకూ వచ్చేసింది. కానీ భయంలో ఉన్న మనిషి, వచనాల వెంట పరుగెత్తింది. ఎనిమిది ఖండాలు చెప్పి, "అయింది, తియ్యి!" అంది.

నర్సమ్మ గడియారం చూసింది. "నాలుగు నిమిషాలు. మామ్మగారూ, దేవుని మాటను ఇలా తరిమితే ఎలాగండీ? అర్థం చేసుకుంటూ చెప్పండి."

మందిరం అంతా నవ్వింది. నాయనమ్మ కూడా పళ్లు లేని నోటితో నవ్వి, మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఒక్కొక్క మాట నమిలినట్టు చెప్పింది. సంఘం మెల్లగా ఆమెతో గొంతు కలిపింది. ఎనిమిది ఖండాలకు సరిగ్గా పది నిమిషాలు. నర్సమ్మ వేళ్లు తీసింది. రక్తం లేదు. కొంతసేపు కూర్చున్నాను. వాంతి కూడా రాలేదు.

అప్పుడు నర్సమ్మ నా కుడిచేయి పట్టుకొని చూపుడువేలి గోరు చూసింది. తర్వాత నా కళ్లలోకి చూసింది. "కళ్లు మూసుకొని ప్రార్థన జరిగేటప్పుడు ఈ వేలు ఎక్కడుంటుంది తల్లీ?"

తప్పు ఒప్పుకోవడం గురించి నాయిన ఎన్ని ఆదివారాలు చెప్పాడో నాకు గుర్తొచ్చింది. "ముక్కుల," అన్నాను.

నిజం అదే. ఎండాకాలం ముక్కులో పొర ఎండి పొక్కు కట్టేది. పొడుగాటి ప్రార్థనలో, ఎవరూ చూడరు కదా అని, ఆ పొక్కును గోకేదాన్ని. ముక్కు ముందు భాగంలో సన్నటి రక్తనాళాలు పైపైనే ఉంటాయని, ఎండకు పొర పగిలినప్పుడు గోరు తగిలితే చాలని నర్సమ్మ అందరికీ విప్పి చెప్పింది. నేను కక్కిన నల్లటి రక్తం కడుపులో పుట్టింది కాదని, తల వెనక్కి వంచినప్పుడు మింగిందేనని కూడా చెప్పింది.

నాయిన మెల్లగా అడిగాడు: "నా ప్రార్థన అంత పొడుగా?"

చివరి వరసలోంచి ఒక ముసలి రైతు, "ఆమెన్," అన్నాడు.

నాయినే అందరికంటే ముందు నవ్వాడు. ఆ తర్వాతి ఆదివారం నుంచి గొడ్లన్నిటినీ ఒక్క మాటలో కలిపి దేవునికి అప్పగించాడు.

నర్సమ్మ పోతూ చిన్న డబ్బాలో తెల్లటి మలాము ఇచ్చింది. రోజూ ముక్కు అంచు లోపల కొంచెం పూసుకోమంది. గోళ్లు కత్తిరించమంది, నీళ్లు బాగా తాగమంది, రక్తం ఆగిన రోజు ముక్కు చీదవద్దని, వేడివేడిగా తినవద్దని, బరువులెత్తవద్దని చెప్పింది. నాయనమ్మ అడిగింది: "ఎనిమిది ఖండాలైనా ఆగకపోతే?"

"ఇంకోసారి ఎనిమిది. ఆ తర్వాత ఇంకోసారి. అరగంటకు కూడా ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలి వచ్చినా, మరీ ధారగా కారినా, పిల్ల సొమ్మసిల్లినా దవాఖానకు తీసుకురండి. ప్రార్థన చేస్తూనే బండి కట్టండి మామ్మగారూ. ముందు ప్రార్థన, తర్వాత బండి అనుకోవద్దు."

మిర్యాలగూడకు మేము ఎడ్లబండిలో పోయాం. చల్లటి పొద్దున బయలుదేరి, ఎండ ముదిరితే ఆగి, నేరేడుచర్లలో చుట్టాల ఇంట్లో పడుకొని, రెండో రోజు చేరాం. దారి పొడుగునా నాయనమ్మ తడిగుడ్డ నా తలకు చుట్టి, ప్రతి కోసుకూ, అంటే రెండు మైళ్లకోసారి, నీళ్లు తాగించింది. "తాగు. ముక్కు ఎండితే సదువు ఎండుతది," అనేది. నేను నా రెండు చేతుల మీదా కూర్చొని ప్రయాణం చేశాను. ముక్కు దగ్గరికి వేలు పోకుండా అదొక్కటే ఉపాయం.

తాటాకు పందిరి కింద ఎన్నో ఊళ్ల జనం. మగవాళ్లు ఒక దిక్కు, ఆడవాళ్లు ఒక దిక్కు. ముందు బల్ల దగ్గర బోర్డింగు అమ్మగారు. నన్ను చూడగానే గుర్తుపట్టింది. నాయిన దాచలేదు. దాచమని నాయనమ్మ బండిలో ఎంత పోరినా వినలేదు. "అమ్మగారూ, ముక్కు రక్తం ఇంకా అప్పుడప్పుడు వస్తది. కానీ అది క్షయ కాదని నర్సమ్మ చెప్పింది," అని ఉన్నదున్నట్టు చెప్పాడు. అమ్మగారు, "ముందు కీర్తన విందాం," అని మాత్రమే అంది.

నేను నిలబడి మొదలుపెట్టాను. పది ఖండాలు నీళ్లలా పోయాయి. పదకొండు. పన్నెండోది సగంలో ఉండగా పెదవి మీద వెచ్చగా తగిలింది.

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. అమ్మగారి ముఖం మారిపోయింది. నాయిన లేవబోయి కూర్చున్నాడు. నేను ఏడవలేదు. అక్కడే నేల మీద కూర్చొని, తల ముందుకు వంచి, ముక్కు నేనే నొక్కిపట్టుకున్నాను. ఎవరో పెద్దమనిషి నీళ్ల కుండ ఎత్తుకొని నా నెత్తి మీద పోయడానికి వచ్చాడు. చేయి అడ్డం పెట్టాను.

అంతలో ఆడవాళ్ల వైపు నుంచి నాయనమ్మ లేచి నిలబడి, గట్టిగా, నిదానంగా పెద్ద కీర్తన మొదటి వచనం అందుకుంది.

కూటం నడిపించే పెద్ద కంగారు పడ్డాడు. "అమ్మా, ముసలోళ్లకు పోటీ లేదు. కూసో."

నాయనమ్మ చేయెత్తి ఆయన్ను ఆగమని సైగ చేసింది. నోరు మాత్రం ఆపలేదు. ఆపితే లెక్క తప్పుతుంది కదా. రెండో ఖండం, మూడో ఖండం.

"పంతులూ, మీ తల్లికి ఏమైంది?" అని ఆ పెద్ద నాయిన్ను అడిగాడు.

"గడియారం నడుస్తున్నదయ్యా," అన్నాడు నాయిన. "జర ఆగితే పిల్ల లేస్తది."

కోదాడ వాళ్లందరికీ సంగతి తెలుసు కాబట్టి వాళ్లూ గొంతు కలిపారు. నేరేడుచర్ల వాళ్లకు, వాడపల్లి వాళ్లకు ఏమీ తెలియకపోయినా వాక్యం వింటే ఊరుకోలేరు కాబట్టి వాళ్లూ కలిపారు. నేను తల వంచుకొని, చీమలు నడుస్తున్న నేలను చూస్తూ, ఆ గొంతులన్నీ నా వీపు మీదుగా పోతుంటే కూర్చున్నాను. దేవుని కృప అంటే ఏమిటో చెప్పలేను గాని, అది ఎలా వినబడుతుందో ఆ రోజు తెలిసింది. ఎనిమిదో ఖండం చివర నాయనమ్మ టక్కున ఆపి, "ఇగ లే బిడ్డా," అంది.

వేళ్లు తీశాను. ఆగింది. మూతి తుడుచుకొని, పన్నెండో ఖండం సగం నుంచి అందుకొని, చివరి వచనం దాకా ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను.

అమ్మగారు దగ్గరికి వచ్చింది. "చదువు సంగతి నాకు అనుమానం లేదు. కానీ పోయినేడు నా వరండాలో ఏం జరిగిందో నా కళ్లతో చూశాను. ఈసారి వాంతి కాదని కూడా నా కళ్లతోనే చూడాలి. ఒక గంట ఈ పిల్ల నా ఎదురుగా కూర్చుంటుంది. అన్నం కూడా నా ఎదురుగానే తింటుంది."

కూటం భోజనాల వేళ అది. విస్తట్లో అన్నం, మామిడికాయ పప్పు, వేటకూర పడ్డాయి. ఆకలి మీదున్న నేను చేయి పెట్టబోతే నాయనమ్మ అడ్డం పడింది. "వేడిది తినొద్దన్నది నర్సమ్మ!" కోదాడ ఆడవాళ్లు తాటాకు విసనకర్రలు తీసుకొని నా విస్తరి చుట్టూ కూర్చొని అన్నానికి విసరడం మొదలుపెట్టారు. పెండ్లికొడుక్కి కూడా అంత మర్యాద జరగదు. అన్నం చల్లారింది. నేను తినడం మొదలుపెట్టాను.

ఇగ చూడండి. నేను ముద్ద మింగితే పందిరంతా గుటక వేసింది. నేను నీళ్లు తాగితే అందరూ ఊపిరి బిగబట్టారు. మధ్యలో ఒక్కసారి తేన్పు వచ్చింది. ముందు వరసలో ఉన్నవాళ్లు విస్తళ్లు పట్టుకొని వెనక్కి జరిగారు. అది తేన్పేనని తెలిశాక మళ్లీ ముందుకు జరిగారు. అమ్మగారు ఒక కన్ను నా మీద, ఒక కన్ను చేతిలోని మూత గడియారం మీద పెట్టి తన అన్నం మరిచిపోయింది.

విస్తరి ఖాళీ అయింది. గంట కాలేదు. ఊరికే కూర్చోవడం తోచక వడ్డించే ఆమె వైపు చూశాను. "పప్పు ఇంకా ఉన్నదా అక్కా?"

"ఉన్నది, ఉన్నది!" అంటూ నలుగురు ఒకేసారి లేచారు.

రెండో విస్తరి సగంలో ఉండగా అమ్మగారు గడియారం మూసేసింది. పెదవుల చివర నవ్వు ఆపుకుంటూ నాయినతో అంది: "పంతులుగారూ, బడి తెరిచే రోజుకు రెండు జతల బట్టలు, ఒక చాప, ఒక కంచం ఇచ్చి పంపండి. కంచం పెద్దది పంపండి."

నాయిన రెండు చేతులూ జోడించాడు. నాయనమ్మ మాత్రం అంతటితో ఊరుకోలేదు.

"అమ్మగారూ, ఆడ మీ నలభై మంది పిల్లలల్ల ఇంకెవలకన్న ముక్కుల నెత్తురు కారితే?"

"కారుతుందమ్మా. ఎండాకాలం వారానికి ఒకరికి కారుతుంది. మేమూ ఇన్నాళ్లూ తలలు ఎత్తించి నీళ్లే పోశాం."

"అయితే మా పిల్లనడుగు, నేర్పుతది," అంది నాయనమ్మ. "మెల్లగ చెప్పమను. ఉరుకుతది అది, నా లెక్కనే."

అప్పుడు అమ్మగారు చల్లారిపోయిన తన విస్తరి ముందు కూర్చుంది. నాయనమ్మ ఆమె పక్కనే చాప మీద చతికిలబడి, వేటకూర గిన్నె తన దగ్గరికి లాక్కొని, ఆమెకు రెండు ముక్కలు వేసి, తనకు నాలుగు వేసుకుంది.